చెప్పకుండా తొక్కిన బ్రేకు

కూర్చోమంటే కూర్చుంటాను సార్, లేవమంటే లేస్తాను. అంతేగానీ "ఇంటికెళ్ళి నిదానంగా ఆలోచించుకోమ్మా, కంగారు పడకు" అంటే మాత్రం ఇక్కణ్ణుంచి కదలను. మొన్నటి నుంచీ ఆలోచించడమే సరిపోయింది నాకు. టీ వద్దండీ. నీళ్ళూ వద్దు.

ముందు ఆ మెకానిక్‌ని వదిలిపెట్టండి. వాడి తప్పు ఇసుమంత కూడా లేదు.

ఏంటి సార్ అలా చూస్తారు? మొన్న ఇదే కుర్చీలో కూర్చుని "బ్రేకులు పడలేదటండీ, మా మామయ్య అబద్ధం చెప్పే మనిషి కాదు" అన్నది నేనే. మీరు రాసుకున్నారు, నేను సంతకం పెట్టాను. ఆ సంతకం చూసుకునే కదా నిన్న మీ కానిస్టేబుళ్ళు షెడ్డుకొచ్చి, కారు కింద పడుకుని పనిచేసుకుంటున్న వాణ్ణి కాళ్ళు పట్టి బయటికి లాగింది! మా డ్రైవింగ్ స్కూలు ఆ షెడ్డుకి ఎదురేనండీ. గేటు పట్టుకుని నిలబడి అంతా చూశాను.

వాడు నన్ను చూసి ఏమన్నాడో తెలుసా? "వదినా, నువ్వైనా చెప్పు. ప్యాడ్లు కొత్తవే వేశాను. నేనే నడిపి చూసి మరీ ఇచ్చాను" అన్నాడు. నేనా... దొంగకు తేలు కుట్టినట్టు నోరు మూసుకుని లోపలికి వెళ్ళిపోయాను.

బండి కింద దూరేంత సన్నగా ఉంటాడని వాణ్ణి అందరూ పిచ్చుక అంటారు. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం అంటారు చూడండి, అచ్చంగా అదే అయింది. మిమ్మల్నని ఏం లాభం లెండి, అస్త్రం మీ చేతికిచ్చింది నేను.

అబ్బే, ఎవరూ బెదిరించలేదు సార్. మా ఆయన పంపలేదు, పిచ్చుక పెళ్ళాం వచ్చి కాళ్ళా వేళ్ళా పడలేదు. నా అంతట నేనే వచ్చాను.

మీరు మామయ్య దగ్గరే నేర్చుకున్నారట కదా? మొన్న మీరే అన్నారు, "మాస్టారు చెవి మెలిపెట్టి నేర్పారమ్మా" అని. ఈ ఊళ్ళో స్టీరింగ్ పట్టిన ప్రతివాడూ ఆయన శిష్యుడే. అందుకే ఆయన బండి ఆగలేదనగానే ఎవరూ రెండో మాట అడగలేదు. మాస్టారి కాలు తప్పు చేస్తుందా, చేస్తే ఆ గ్రీజు చేతులవాడే చేసి ఉంటాడు అనుకున్నారు. మీరూ అదే అనుకున్నారు. అనుకున్నారా లేదా, నిజం చెప్పండి?

సరే, నేను మొదట్నుంచీ చెప్తాను. మధ్యలో ఆపకండి, ఆపితే మళ్ళీ నోరు రాదు.

మా స్కూలు కారు మీకు గుర్తుండే ఉంటుంది. పక్క సీటు కింద కూడా ఒక బ్రేకు, ఒక క్లచ్చు ఉంటాయి కదా. నేర్చుకునేవాడు తడబడితే నేర్పేవాడు తొక్కడానికి. కొత్తగా కాపురానికొచ్చిన నన్ను ఆ సీట్లో కూర్చోబెట్టి ఆ పని నేర్పింది మామయ్యే. కోడలు కారు నడపడమే వింత, పైగా ఊరందరికీ నేర్పడమా అని చుట్టాలు ముక్కున వేలేసుకుంటే, "నా స్కూలు, నా కోడలు, మీకేంటి నొప్పి?" అన్న మనిషి. మా అమ్మ కూడా నాకు ఏదీ అంత ఓపిగ్గా నేర్పలేదు సార్.

ఆ సీట్లో కూర్చునేవాళ్ళకి ఆయన పెట్టిన రూలు ఒకటుంది. బ్రేకు తొక్కితే ఆ మాట పైకి చెప్పాలి. "ఇప్పుడు ఆపింది నేను" అని ఎదుటివాడి మొహం మీదే చెప్పాలి. "చెప్పకుండా తొక్కావనుకో, వాడు తానే ఆపాననుకుంటాడమ్మా. రేపు ఒంటరిగా వెళ్ళి ఎవడి మీదకో ఎక్కిస్తాడు. అప్పుడు గుద్దింది వాడు కాదు, నువ్వు" అనేవారు. ఆ రూలు మీకూ చెప్పే ఉంటారు.

ఆ రూలు తప్పింది నేను. ఆయన విషయంలోనే తప్పాను.

పోయిన వానాకాలంలో మొదలైంది. మామయ్య మా వీధి మలుపు దాటిపోయి, "అరె, ఈ కొత్త ఇళ్ళెప్పుడు కట్టారమ్మా?" అన్నారు. నవ్వుకున్నాం ఇద్దరం. వయసు మీద పడుతోంది, అంతే కదా అనుకున్నాను. ఎవరైనా అంతే అనుకుంటారు. అనుకోరా?

తర్వాత కొన్నాళ్ళకి పెద్ద సిగ్నల్ దగ్గర. ఎర్ర లైటు పడింది. ఆయనకి కనపడక కాదు సార్. చూశారు. "ఎర్ర లైటు పడింది" అని పైకి అన్నారు కూడా. అంటూనే పోతున్నారు! కంటికి కనపడింది, నోరు పలికింది, ఆగాలన్న సంగతి కాలికి మాత్రం కబురు అందలేదు. చేతులు చూస్తే ఎప్పటిలాగే ఉన్నాయి. స్టీరింగ్ మీద వేళ్ళు, గేరు మార్చడం, అన్నీ ఎప్పటిలాగే.

నా కాలు దానంతట అదే తొక్కేసింది. బండి మెత్తగా ఆగింది. ఆయన నా వైపు తిరిగి, "చూశావా! గ్లాసులో నీళ్ళు కూడా తొణకవు. ఆపడమంటే అలా ఆపాలి" అన్నారు.

నోరు తెరిచాను సార్. "ఆపింది నేను మామయ్యా" అందామని తెరిచాను. ఆ మొహంలో వెలుగు చూసి మింగేశాను. "మీ చేతిలో బండి వెన్నముద్ద మామయ్యా" అన్నాను. ఈ ఒక్కసారికే కదా అనుకున్నాను. ఒక్కసారికే అనుకుని మొదలుపెట్టని తప్పు ఏదన్నా ఉందా ఈ లోకంలో?

ఇక అక్కణ్ణుంచి రోజూ అదే బాగోతం. పొద్దున్నే క్లాసులు మొదలయ్యేలోపు "బండికి ఒళ్ళు వేడెక్కాలి" అని ఒక రౌండు తీసుకెళ్ళేవారు. ఆయన స్టీరింగ్ దగ్గర, నేను పక్కన, బ్రేకు మీద కాలు పెట్టుకుని. దారి పొడుగునా కనపడ్డ ప్రతి డ్రైవర్నీ తిట్టేవారు. "వాడు చూడు, సిగ్నల్ దగ్గర ఎలా దూరుతున్నాడో, బుద్ధి లేదు" అనేవారు. అనేటప్పుడు మేమూ దూరుతూనే ఉండేవాళ్ళం. నేను తొక్కేదాన్ని.

తప్పు కప్పిపుచ్చడం నేర్చుకున్నానండీ. పిల్లాడు అన్నం తినకపోతే తల్లి తినేసి, కంచం ఖాళీ చేశాడు నా బంగారు తండ్రి అని చెప్పుకున్నట్టు.

ఒక పనిలో ఉండగా రెండో పని వస్తే ఆయనకి రెండూ పోతాయని తొందర్లోనే అర్థమైంది. రేడియో మోగితే మలుపు మర్చిపోతారు. ఎవరైనా చెయ్యి ఊపితే లైటు మర్చిపోతారు. అందుకని రేడియో తీయించేశాను. మాట్లాడటం తగ్గించాను. ఇంత తెలివి ఉన్నదాన్ని, నేను ఏం చేశానో తెలుసా? ఫోను! "మేడమ్, రేపు క్లాసుందా?" "మేడమ్, రివర్సు ఇంకోసారి చెప్తారా?" అని పిల్లలు చేస్తూనే ఉంటారు. ఓ చెవిలో ఫోను, పాదం కింద బ్రేకు. కాలికి అలవాటైపోయింది కదా, అదే చూసుకుంటుందిలే అనుకున్నాను.

ఒకరోజు ఎవరికో జవాబు టైపు చేస్తూ తలెత్తేసరికి ఎదురుగా లారీ వెనక భాగం! తొక్కిన తొక్కుకి ఫోను ఎగిరి సీటు కింద పడింది. బెత్తెడు దూరంలో ఆగాం. ఆయన నింపాదిగా, "బెల్టు బిగించుకోమ్మా, ముందు బండివాడు హఠాత్తుగా ఆపాడు" అన్నారు. అప్పుడన్నా చెప్పానా? లేదు. ఫోను వెతుక్కున్నాను.

ఇద్దరిలో ఎవరికి జబ్బు సార్? ఆయనకైతే మతి పోతోంది, నాకేం పోయేకాలం?

డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం, తీసుకెళ్ళకపోలేదు. మూడు మాటలు చెప్పి, కాసేపాగి అడిగితే మామయ్య ఒక్కటే చెప్పగలిగారు. డాక్టరమ్మ మాకు విడమర్చి చెప్పింది. ఇది ఒట్టి మతిమరుపు కాదు, ధ్యాస నిలవదు, చూసినదానికీ చేసేదానికీ మధ్య దారి తెగిపోతూ ఉంటుంది, పాత అలవాట్లు బాగానే ఉంటాయి కాబట్టి పైకి తెలీదు అంది. చెప్పి, "బండి నడుపుతారా? పక్కన కూర్చునేదెవరు?" అని అడిగింది. మా ఆయన నన్ను చూపించాడు.

"ఎలా నడుపుతున్నారమ్మా?" అంది.

మామయ్య నా వంక చూశారు సార్. పరీక్ష రాసిన పిల్లాడు మాస్టారి మొహంలోకి చూసినట్టు చూశారు. "బాగానే నడుపుతున్నారు డాక్టరు గారూ, నాకంటే నయం" అన్నాను. "అయితే సరే, ఏ చిన్న తేడా కనపడినా వెంటనే ఆపించెయ్యాలి" అంది ఆవిడ. అలాగేనండీ అని తలూపి వచ్చాను.

ఆయన మీద ప్రేమతో చేశానని చెప్తే మీరు నమ్ముతారు. అబద్ధం కూడా కాదు. కానీ అదొక్కటే కాదు సార్. ఇంత చెప్పాక మీ దగ్గర దాపరికం ఎందుకు? ఆయన బండి మానేస్తే ఇంట్లో కూర్చుంటారు. ఇంట్లో కూర్చుంటే కనిపెట్టుకుని ఉండేదెవరు? అత్తయ్య లేదు. మా ఆయనది షిఫ్టుల ఉద్యోగం. మిగిలింది నేను. అంటే నా క్లాసులు పోతాయి, నా కోసమే వచ్చే ఆడపిల్లలు పోతారు, మళ్ళీ ఆ నాలుగు గోడల మధ్యకే పోతాను. అది నాకిష్టం లేదు. అందుకని ఆయన డ్రైవరు అన్న నాటకం నడవాలి. నడిపించాను.

ఛీ అనాలనిపిస్తే అనండి. నేనెప్పుడో అనుకున్నాను.

ఇక మొన్నటి సంగతి. స్కూలు కారు వేరే మాస్టారు తీసుకెళ్ళాడు. మా ఆయన రాత్రి డ్యూటీ చేసొచ్చి పడుకున్నాడు. మామయ్య సొంత కారు వాకిట్లో ఉంది, పిచ్చుక బ్రేకు ప్యాడ్లు మార్చి ఇచ్చింది అదే. మామూలు కారు. పక్క సీటు కింద ఏ బ్రేకూ లేదు.

నేను ఫోనులో ఉన్నాను. ఇంకెక్కడుంటాను! లైసెన్సు టెస్టు పోయిందని ఒక పిల్ల ఒకటే ఏడుపు. దాన్ని ఓదారుస్తున్నాను. మామయ్య తల దువ్వుకుని, చొక్కా టక్ చేసుకుని వచ్చారు. "అమ్మా, నేనో రౌండు వేసొస్తాను" అన్నారు.

మీ కాగితాల్లో "ఎవరికీ చెప్పకుండా తాళాలు తీసుకుని వెళ్ళారు" అని ఉంది కదా? నేను చెప్పిందే. కొట్టేయండి సార్ ఆ ముక్క. ఆయన నన్ను అడిగారు. నేను "ఊఁ" అన్నాను.

వినపడకపోలేదు. వినపడింది, నోరు ఊఁ అంది. అంతే, మాట బుర్రకెక్కలేదు. కారు స్టార్టయిన చప్పుడు కూడా విన్నాను. ఆ పిల్ల ఏడుపు ఆపాక ఫోను పెట్టేసి చూస్తే వాకిలి ఖాళీ. చెప్పుల్లేకుండా పరిగెత్తాను. నేను వెళ్ళేసరికే సిగ్నల్ దగ్గర జనం మూగారు.

పాపం, ఆ సిగ్నల్ పక్కన సెలూన్లో పనిచేసే అతను, చేతిలో టీ గ్లాసులు పట్టుకుని జీబ్రా గీతల మీదే దాటుతున్నాడట. ఎర్ర లైటు పడే ఉంది. కారు తిన్నగా వచ్చేసిందట, ఏమాత్రం నెమ్మదించలేదట. రోడ్డు మీద టైరు గీత ఒక్కటి లేదు. మీరు దాన్ని చూసి బ్రేకు ఫెయిలనుకున్నారు. అసలు తొక్కితే కదా సార్, పడిందో లేదో తెలిసేది?

మామయ్య మీతో ఏమన్నారో గుర్తు తెచ్చుకోండి. "తొక్కాను" అన్నారా? అనలేదు. "ఎప్పటిలాగే నడిపాను. ఎప్పుడూ ఆగేది. ఈసారి ఆగలేదు" అన్నారు. అక్షరం అక్షరం నిజం. లైటు పడగానే బండి ఆగుతుందని ఆయనకి నేర్పింది నేను. రోజూ, పొద్దున్నే, వానాకాలం నుంచీ.

ఆస్పత్రికెళ్ళి చూసొచ్చానండీ. తొడ ఎముక విరిగింది, లోపల రాడ్డు వేశారు. పొద్దస్తమానం నిలబడి చేసే పని అతనిది. మళ్ళీ ఎప్పుడు నిలబడతాడో తెలీదు. నన్ను చూసి, "మాస్టారికేం కాలేదు కదమ్మా? పెద్దాయన, జడుసుకుని ఉంటారు" అన్నాడు. కొట్టినా బాగుండేది. పక్కనే అతని భార్య, "ఆ మెకానిక్ చేతులు పడిపోను" అని శాపనార్థాలు పెట్టింది. నేనేం చేశానో చెప్పనా? అవునన్నట్టు తలూపాను.

అదిగో, ఆ తలూపు దగ్గరే నా పని అయిపోయింది. రాత్రంతా ఆ తలే కనపడింది నాకు, వేరే ఎవరిదో అన్నట్టు.

కావాలంటే మీరే ఆ కారెక్కి తొక్కి చూడండి, వెనక ఖాళీ జాగాలోనే కదా పెట్టారు. ఏంటీ, పరీక్ష చేసే ఆఫీసరు వచ్చే వారం గానీ రాడా? అంతవరకూ పిచ్చుక లోపలే ఉండాలా? వాడి షెడ్డుకి నిన్నటి నుంచీ ఒక్క బండి రాలేదు సార్. రిపేరుకిచ్చిన వాళ్ళు కూడా వెనక్కి తోసుకుపోతున్నారు. ఆఫీసరొచ్చి బ్రేకులు భేష్ అన్నా, వాడి చేతి మీద పడ్డ మచ్చ ఎవరు కడుగుతారు?

మాస్టారి నోటి నుంచి కూడా వినాలంటారా. అది మాత్రం వద్దండీ. బయట బెంచీ మీదే ఉన్నారు, మా ఆయన పక్కన. ఇంట్లో ఒక్కర్నే వదలలేక తీసుకొచ్చాం.

పొద్దున ఆయనతో చెప్పాను సార్. కాళ్ళ దగ్గర కూర్చుని మొత్తం చెప్పాను. విన్నారు. చిన్నపిల్లాడిలా ఏడ్చారు. ఆయన ఏడవడం అత్తయ్య పోయినప్పుడు కూడా నేను చూడలేదు. తర్వాత మొహం కడుక్కుని, టిఫిను తిని, "అమ్మా, పిచ్చుక బండి ఇచ్చాడా? ఈసారి సరిగా చేయమను" అన్నారు. తుడిచిపెట్టుకుపోయింది, ఒక్క ముక్క లేదు.

నేను మళ్ళీ చెప్పాలి కదా? చెప్పలేదు. "ఇస్తాడు మామయ్యా, చేస్తున్నాడు" అన్నాను. ఇక్కడికి బయల్దేరే ముందే, చెప్పులు తొడుక్కుంటూ. అంత అలవాటైపోయింది నాకు.

సరే, పిలవండి. పిలవాలంటే పిలవండి.

రండి మామయ్యా. ఇలా కూర్చోండి, గడప చూసుకోండి. అవును, సారు మీ శిష్యుడే. ఆ... ఆయనే, చెవి మెలిపెట్టారట కదా. సారు అడుగుతారు, మీకు తెలిసింది చెప్పండి.

...

విన్నారుగా సార్. బండి ఆగలేదంటున్నారు. పైగా పిచ్చుకని క్షమించమంటున్నారు. కుర్రాడు, పెళ్ళాం బిడ్డలున్నవాడు, ఏదో పొరపాటున బిగించలేదు, కొట్టకుండా పంపించెయ్యమంటున్నారు. మా మామయ్య మనసు అలాంటిది.

ఏంటీ? పంపించేస్తారా? మాస్టారు మాటన్నారు కాబట్టి, సెలూను అతనితో రాజీ చేయించి, మందలించి వదిలేస్తారా? ఇప్పుడే?

ఎంత సులువుగా అయిపోయిందండీ! వాడు బయటికొస్తాడు. మామయ్య పరువు మామయ్యకుంటుంది. నా పేరు ఎక్కడా రాదు. లేచి దండం పెట్టి వెళ్ళిపోతే సరి...

ఒక్క నిమిషం సార్. నేను లేవను.

వద్దు. అలా వద్దండీ. చెయ్యని తప్పుకి క్షమాపణ మోసుకుంటూ వాడు బతకాలా? వాడి చేతికి ఇంకెవరు బ్రేకులు అప్పజెప్తారు? రేపు ఈయన మళ్ళీ తాళాలడిగితే నేనేమని ఆపాలి?

మామయ్యా, ఇటు చూడండి. నా వంక చూడండి. పిచ్చుక బ్రేకులు బాగానే బిగించాడు. మీరు తొక్కలేదు. మీరు చాన్నాళ్ళ నుంచీ తొక్కట్లేదు మామయ్యా. సిగ్నల్ దగ్గర, మలుపుల దగ్గర, లారీ వెనక, అన్నిచోట్లా ఆపింది నేను. పక్క సీట్లోంచి. మీకు చెప్పలేదు. మొన్న మీ పక్కన నేను లేను.

అలా కాలి వంక చూసుకోకండి మామయ్యా. దానిదేం తప్పు లేదు.

ఏమంటున్నారో విన్నారా సార్? "నాకు చెప్పొద్దా అమ్మా?" అంటున్నారు. అంతే అంటున్నారు. తిట్టట్లేదు కూడా.

చెప్పాల్సింది మామయ్యా. మొదటిరోజే చెప్పాల్సింది.

కొత్త కాగితం తీయండి సార్. పాతది చింపేసినా సరే, నా మీద కేసు పెట్టినా సరే. ఈయన ఇంటికెళ్ళేలోపు ఇదంతా మర్చిపోతారు. రేపు పొద్దున మళ్ళీ తాళాలడుగుతారు, మళ్ళీ చెప్తాను, మళ్ళీ ఏడుస్తారు. ఎన్నిసార్లయినా సరే, ఇక చెప్పడమే.

చేసిన పాపం చెబితే పోతుందంటారు కదా. మీకు చెప్పాను, ఈయనకి రెండుసార్లు చెప్పాను. ఏమోనండీ, నాకైతే పోయినట్టు లేదు. సంతకం ఎక్కడ పెట్టమంటారు?